పెట్టె కొనండి, స్టూడియో మానండి: అవ్వల పాటల గురించి సంగానికి మా మాట



ఇది పొడుగు పోస్టు, ముందే చెప్పేస్తున్నాం. కాఫీ పెట్టుకొని కూర్చోండి. రెండు లైన్లు చదివి దండం బొమ్మ పెట్టి వెళ్ళిపోయే అలవాటు మనలో చానా మందికి ఉంది. ఈసారి మాత్రం చివరిదాకా చదవండి. వచ్చే ఆదివారం సర్వసభ్య సమావేశంలో మీరు చెయ్యి ఎత్తే ముందు ఈ మాటలు మీ చెవిన పడాలి.

మేము అంటే ముగ్గురం. ఈ రాసేవాడు రైల్వే పార్సెల్ ఆఫీసులో గుమాస్తాగా రిటైరు అయినవాడు. ఇంకొకరు టైలరు. మూడో ఆయన పోస్టాఫీసులో పని చేసినాయన. ముగ్గురం తమిళ మీడియం. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఆఫీసులో వచ్చీరాని ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు యాభై దాటినాక మనవళ్ళ పలకల మీద నేర్చుకున్నాం. తప్పులుంటే దిద్దండి. తప్పులు దిద్దేసి విషయం మాత్రం వదిలేయకండి.

విషయం ఇది. మన ఊళ్ళలో అవ్వలు పాడే పాటలను రికార్డు చెయ్యాలని సంగం తీర్మానం చేసి మూడేళ్ళయింది. నలుగు పాట, ఊంజల్ పాట, ఒప్పగింతల పాట, జోల పాట, కలుపు తీసేటప్పుడు పాడే పాట, అన్నీ అందులో ఉన్నాయి. ఇప్పుడు కమిటీ ఒక ప్రతిపాదన తెచ్చింది. టౌనులో ఒక స్టూడియో బుక్ చేసి, కీబోర్డు వాయించే ఆయన్ను పెట్టి, మంచి గొంతున్న అమ్మాయిల చేత పది పాటలు పాడించి ఉగాదికి విడుదల చెయ్యాలట. ఖర్చు అరవై వేలు. దీన్ని మేము ఎదిరిస్తున్నాం. గట్టిగానే ఎదిరిస్తున్నాం.

ఎందుకు ఎదిరిస్తున్నామో చెప్పే ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. ఈ మూడేళ్ళలో తప్పు కమిటీ ఒక్కదానిదే కాదు, మాదీ ఉంది. "సరైన మిషను వచ్చినాక చేద్దాం" అని మేము కూడా వాయిదా వేసినాం. ఆ వాయిదాలో మా వీధి చివరి అవ్వ పోయింది. ఆడి నెలలో పోయింది. ఆమెకు ఒప్పగింతల పాట మొత్తం వచ్చేది, పెళ్ళికూతురి మేనమామ వంతుతో సహా. ఆ వంతు ఇప్పుడు ఎవరికీ రాదు. ఆమె కూతురికి మొదటి నాలుగు చరణాలు వచ్చు. మిగతాది మంటలో పోయింది. ఎంత దుడ్డు పెట్టినా అది మళ్ళీ రాదు.

ఇంగ స్టూడియో సంగతి.

పోయిన ఏడు ఇద్దరు అవ్వలను కార్లో ఎక్కించుకొని ఒక స్టూడియోకు తీసుకుపోయినాం. కమిటీకి ఈ సంగతి తెలుసు, కానీ ప్రతిపాదనలో రాయలేదు. గాజు గది, చల్లటి ఏసీ. అవ్వ చెవులకు హెడ్‌ఫోను తగిలించినారు. చెవిలో టిక్ టిక్ అని తాళం పెట్టి ఆ టిక్కుకు సరిగ్గా పాడమన్నారు. ఎనభై ఏళ్ళ మనిషి. జీవితమంతా పక్క మనిషి మొహం చూసి పాడిన మనిషి. గాజు అవతల ఉన్న మొహం ఆమెకు తెలియదు. రెండు చరణాలు పాడి "మరిచిపోతిని నాయనా" అంది. మైకు చూసే ఆయన "ఇందులో పల్లవి ఏది, చరణం ఏది?" అని అడిగినాడు. అది అట్లా కట్టిన పాట కాదు. ఒకరు పాడితే నలుగురు అందుకునే పాట. గంటకు దుడ్డు కట్టి చలికి వణికి ఇంటికొచ్చినాం. ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాక అదే అవ్వ పూర్తి పాట పాడింది. మిషను స్టూడియోలో ఉంది, పాట అరుగు మీద ఉంది.

ఆ రోజు నుంచి మాది ఒకటే మాట. మనిషిని మిషను దగ్గరికి తీసుకుపోవద్దు. మిషనును మనిషి దగ్గరికి తీసుకురావాలి.

దీనికి కొందరు సులువుగా జవాబు చెప్తారు. "అందరి చేతిలో ఫోను ఉంది కదా, పాడేటప్పుడు ఎదురుగా పట్టుకుంటే సరి, గ్రూపులో పెడితే సరి." దీన్నీ ఎదిరిస్తున్నాం. గ్రూపులో ఇట్లాంటివి ఎన్ని ఉన్నాయో చూడండి. ఒకదాంట్లో ఫ్యాను చప్పుడు, ఒకదాంట్లో మిక్సీ. ఒకదాంట్లో పాట మధ్యలో ఎవరికో ఫోను వచ్చి ఆగిపోయింది. ఫోనులో ఉండే మైకు మాట్లాడుకోవడానికి పెట్టింది. గొంతు తగ్గితే తానే పెంచుతుంది, పెరిగితే తానే తగ్గిస్తుంది, మెల్లని చప్పుడు చప్పుడే కాదనుకొని నొక్కేస్తుంది. అవ్వ పాటలో ప్రాణం లైను చివర గొంతు సన్నబడే చోట ఉంది. ఫోను సరిగ్గా దాన్నే మింగేస్తుంది. పైగా వాట్సప్పులో వాయిసు మెసేజిగా పంపితే అది ఇంకా పిండి, నలిపి పంపుతుంది. పదేళ్ళ తర్వాత మన మనవరాలు ఆ పాట నేర్చుకోవాలంటే అందులో మాట ఏదో తెలియదు.

ఇంకో జవాబు కూడా వస్తుంది. "మా ఇంట్లో నోటుపుస్తకంలో రాసి పెట్టినాం." సంతోషం. కానీ ఏ లిపిలో రాసినారు? మన ఆడవాళ్ళు రాసినవన్నీ తమిళ అక్షరాల్లో ఉన్నాయి. మాకూ అదే వచ్చు, అందుకే ఆ బాధ మాకు బాగా తెలుసు. తెలుగులో క, ఖ, గ, ఘ అని నాలుగు ఉంటే తమిళంలో ఒకటే అక్షరం. తమిళంలో రాస్తే గుడి, కుడి ఒకటే. బండి, పండి ఒకటే. బలము, ఫలము ఒకటే. పాటలో "గుడి" అన్నారా "కుడి" అన్నారా అని పోట్లాడుకున్న పెళ్ళి ఇల్లు మాకు తెలుసు. చెప్పాల్సిన అవ్వ అప్పటికే లేదు. తమిళ లిపి తప్పని మేము అనడం లేదు, అదే మాకు అన్నం పెట్టింది. అది తమిళానికి అమరిన చొక్కా. మన పాటకు వేస్తే భుజాల దగ్గర పట్టేస్తుంది. మా టైలరు చెప్పిన మాట ఇది.

కి. రాజనారాయణన్ గారిని తలుచుకోండి. మన కోవిల్‌పట్టి పక్కన ఇడైసేవల్ ఆయన ఊరు. ఇంటి మాట తెలుగు. మన వలస కథను, కరిసల్ నేల బతుకును తమిళంలో అంత గొప్పగా రాసి 1991లో సాహిత్య అకాడమీ బహుమతి తెచ్చుకున్నారు. ఆయన వల్ల మన కథ నిలిచింది, అదీ తమిళంలో. మన గొంతు మాత్రం ఎవరూ నిలపలేదు. అది ఆయన పని కాదు, మన పని.

ఇంగ పెట్టె సంగతికి వద్దాం. దీన్ని ఆడియో ఇంటర్‌ఫేసు అంటారు. టిఫిను డబ్బా అంత ఉంటుంది. ఒకవైపు నిజమైన మైకు, పాటకచేరిలో పెట్టే మైకు, లావు వైరుతో తగులుతుంది. ఇంకోవైపు యూఎస్‌బీ వైరు ఫోనుకు తగులుతుంది. చాలామంది ఇది కంప్యూటరుకే పని చేస్తుందనుకుంటారు. మేమూ అట్లే అనుకున్నాం. కానీ ఆండ్రాయిడు ఫోన్లు 2014లో వచ్చిన ఐదో వెర్షను నుంచే ఇట్లాంటి పెట్టెలను గుర్తుపట్టడం మొదలుపెట్టినాయి. ఐఫోను 15 నుంచి అయితే టైప్-సీ రంధ్రమే ఉంది. పాతవాటికి ఒక అడాప్టరు కావాలి. కొనేటప్పుడు ఒక్క మాట అడగండి: "ఇది క్లాస్ కంప్లయంటా?" అంటే వేరే సాఫ్ట్‌వేరు ఏమీ ఎక్కించకుండా తగిలించగానే పనిచేస్తుందా అని. అవునంటేనే కొనండి.

మీటర్ గేజి కాలంలో పని చేసినవాళ్ళకు ఇది సులువుగా అర్థమవుతుంది. చిన్న గేజి బండిలో వచ్చిన సరుకు పెద్ద గేజి బండిలోకి నేరుగా పోదు. గేజి మారే యార్డులో దించి, లెక్క చూసి, మళ్ళీ ఎక్కించాలి. ఈ పెట్టె ఆ యార్డు. గొంతు నుంచి వచ్చే కరెంటు అలను అంకెలుగా మార్చి ఫోనుకు ఎక్కిస్తుంది. యార్డులో కూలీలు మంచివాళ్ళయితే సరుకు పగలదు.

ఇప్పుడు మేము పడిన తిప్పలు చెప్తాం, మీరు పడకూడదని.

మొదటి తిప్ప వైరు. ఫోనుతో వచ్చిన ఏదో వైరు తగిలించి పెట్టె చచ్చిపోయిందనుకున్నాం. కొన్ని వైర్లు చార్జింగుకు మాత్రమే, వాటిలో సమాచారం పోదు. కొన్ని ఫోన్లలో సెట్టింగుల్లోకి పోయి ఓటీజీ అనేదాన్ని మనమే తెరవాలి. వాడకుండా కొంతసేపు వదిలితే అదే మూసుకుంటుంది.

రెండో తిప్ప కరెంటు. పెట్టె ఫోను నుంచే కరెంటు తాగుతుంది. కండెన్సరు మైకు పెడితే దానికి 48 వోల్టులు కావాలి, పెట్టె ఇంకా ఎక్కువ తాగుతుంది. మా ఫోను "చాలదు" అని ముఖం తిప్పేసింది. దీనికి రెండు దారులు. విడిగా కరెంటు తీసుకునే యూఎస్‌బీ హబ్బు మధ్యలో పెట్టి దానికి పవర్ బ్యాంకు తగిలించడం ఒకటి. 48 వోల్టులు అవసరం లేని డైనమిక్ మైకు వాడడం రెండోది. మేము రెండోది పట్టుకున్నాం. అవ్వ గొంతుకు అది చాలు, పైగా దూరపు చప్పుడు తక్కువ పడుతుంది. ఫోను మాత్రం ముందే నిండుగా చార్జి చేసుకోవాలి, ఉన్న ఒక్క రంధ్రం పెట్టెకు పోతుంది కదా.

మూడో తిప్ప అన్నిటికంటే మోసం. పెట్టె తగిలించి, దీపం వెలిగి, అంతా బాగుందని ఒక గంట రికార్డు చేసినాం. ఇంటికొచ్చి వింటే అదే పాత ఫోను మైకు గొంతు. ఆ యాప్ పెట్టెను పట్టించుకోకుండా ఫోను మైకునే వాడింది. అందుకని మొదలుపెట్టే ముందు ఫోను వెనక గోరుతో గీకండి, తర్వాత మైకు జాలి మీద గీకండి. ఏది గట్టిగా పడిందో వినండి. ఫోను గీకుడు పడితే యాప్ మార్చండి. ఇది అర నిమిషం పని. మాకు ఒక సాయంత్రం నేర్పింది.

మిగతావి చిన్నవి. ఫోను ఎయిర్‌ప్లేన్ మోడులో పెట్టండి. ఫ్యాను, మోటరు ఆపండి. సిమెంటు గది అయితే నాలుగు దుప్పట్లు, పాత చీరలు గోడకు వేలాడదీయండి. మైకు నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కగా పెట్టండి. పెట్టె మీద గెయిన్ అనే మర ఉంటుంది. అవ్వను గట్టిగా ఒక లైను పాడమని, యాప్‌లో ముల్లు మైనస్ పన్నెండు దగ్గర ఆగేటట్టు తిప్పండి. ఎర్ర దీపం ఒక్కసారి కూడా వెలగకూడదు. వ్యాగను ఓవర్‌లోడు అయితే తర్వాత సరుకు దించుకోవచ్చు, ఇక్కడ పగిలిన గొంతు మళ్ళీ అతకదు. హెడ్‌ఫోను పాడే మనిషికి వద్దు, రికార్డు చేసేవాళ్ళు పెట్టెకు తగిలించుకొని వినాలి.

ఫైలు వేవ్ రకంలో దాచండి, ఎంపీ3 వద్దు. 48 కిలోహెర్ట్జు, 24 బిట్టు పెడితే ఒకే మైకు గొంతుకు నిమిషానికి ఎనిమిదిన్నర ఎంబీ దాకా అవుతుంది. అంటే గంట పాటకు అర జీబీ. మీ ఫోనులో ఉన్న గుడ్ మార్నింగ్ పూల బొమ్మలు తుడిచేస్తే అవ్వల పాటలన్నీ పడతాయి. గ్రూపులో పంపాలంటే డాక్యుమెంటుగా పంపండి, అప్పుడు నలగకుండా పోతుంది.

ఇవన్నీ కలిపి, పెట్టె, మైకు, స్టాండు, వైర్లు, మాకు పదమూడు వేల చిల్లర అయింది. ముగ్గురం పెన్షను నుంచి వేసుకున్నాం. లెక్క రసీదులతో సహా ఉంది, పార్సెల్ ఆఫీసు బుద్ధి పోదు. కమిటీ అడిగే అరవై వేలలో ఇట్లాంటి పెట్టెలు నాలుగు వస్తాయి. నాలుగు దిక్కుల్లో నాలుగు.

"అయినా వినడానికి బాగుండాలి కదా, కీబోర్డు లేకపోతే పిల్లకాయలు వింటారా?" అని కమిటీలో ఒక పెద్దాయన అడిగినారు. ఆయన మీద మాకు గౌరవం ఉంది, సంగం కట్టడం కోసం ఆయన తిరిగిన తిరుగుడు మాకు తెలుసు. కానీ అన్నా, వినడానికి బాగుండేది ఎప్పుడైనా చెయ్యవచ్చు. అవ్వ గొంతు విడిగా, శుభ్రంగా ఉంటే రేపు మన పిల్లకాయలే దాని కింద కీబోర్డు వాయించుకుంటారు, డప్పు వేసుకుంటారు, అదే ఫోనులో చేసుకుంటారు. అవ్వ లేకుండా కీబోర్డు మాత్రం ఉంటే దాని పైన ఏమి పాడతారు? మొదట గొంతు, తర్వాత అలంకారం. పెళ్ళికూతురు లేకుండా పందిరి వేసి ఏమి లాభం?

1902లో కలకత్తాలో గౌహర్ జాన్ మొదటి గ్రామఫోను రికార్డులు పాడినప్పుడు ఒక్కో పాటకు మూడు నిమిషాల చోటే ఉండింది. గంటల తరబడి పాడే పాటను మూడు నిమిషాలకు కుదించుకొని, చివర తన పేరు తానే చెప్పింది. రికార్డులు అచ్చయ్యేది జర్మనీలో, అక్కడివాళ్ళకు ఆ గొంతు ఎవరిదో తెలియాలి కదా. ఆమెకు మూడు నిమిషాలు. మనకు ఫోను నిండేదాకా చోటు ఉంది. అయినా మన గ్రూపులో పడిన పాటల్లో ఒక్కదానికి కూడా పాడిన మనిషి పేరు లేదు. "ఫార్వర్డెడ్" అని మాత్రం ఉంది. అవ్వ పేరు ఫార్వర్డెడా?

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాం. ఇది కొంచెం నొప్పిగా ఉంటుంది. త్యాగరాజ స్వామి 1847లో తిరువయ్యారులో పోయినారు. ఆయన తెలుగు పాటలు మనదాకా రావడానికి ఒక పెద్ద కారణం శిష్యులు రాసి పెట్టుకోవడం. అందులో వాలాజాపేట వేంకటరమణ భాగవతార్ గారు ఒకరు. ఆయన ఇంటి మాట తెలుగు కాదు, సౌరాష్ట్రం. ఆ రాతప్రతులను భద్రంగా దాచింది మదురైలోని సౌరాష్ట్ర సభ. అంటే మనలాగే వేరే చోటి నుంచి వచ్చి తమిళ నేల మీద స్థిరపడిన ఇంకొక జనం, వాళ్ళ సంగం, తెలుగు పాటను కాపాడింది. మనది తెలుగు సంగం. మన అవ్వల పాట కోసం మనం ఏమి దాచినాం? వార్షికోత్సవాల శాలువా ఫోటోలు దాచినాం.

ఆదివారం మేము పెట్టబోయే తీర్మానం ఇది. ఒకటి, స్టూడియో ప్రతిపాదన ఆపాలి. రెండు, ఆ దుడ్డుతో నాలుగు పెట్టెలు కొని నాలుగు దిక్కులకు ఇవ్వాలి, ప్రతి పెట్టెకు ఒక పెద్ద మనిషి, ఒక చదువుకునే పిల్ల కలిసి బాధ్యులు కావాలి. మూడు, ప్రతి రికార్డు మొదట్లో పాడే మనిషి పేరు, ఊరు, పాట ఎవరి దగ్గర నేర్చుకుందో ఆమె గొంతుతోనే చెప్పించాలి. నాలుగు, ఆమెను అడిగి, ఆమె సరేనంటేనే బయటికి పంపాలి. "ఇది ఇంట్లోవాళ్ళకే" అంటే ఇంట్లోనే ఉండాలి. తాంబూలం, చీర సంగం ఖర్చు. ఐదు, ప్రతి ఫైలు మూడు చోట్ల ఉండాలి, మూడూ ఒకే ఇంట్లో ఉండకూడదు.

తీర్మానం ఓడిపోతే మేము సంగం విడిచిపోము, అలగము. మా పదమూడు వేల పెట్టె మా దగ్గర ఉంది. ఎవరింట్లో అవ్వ ఉందో చెప్పండి చాలు, బస్సులో వస్తాం, వైర్లు మేమే తెచ్చుకుంటాం.

మా వీధి అవ్వ కూతురి ఇంట్లో మొన్న ఆ నాలుగు చరణాలు రికార్డు చేసినాం. ఐదోది దగ్గరికి వచ్చి ఆమె ఆగిపోయింది. "ఆడి నుంచి అమ్మకే వచ్చు" అంది. ఆ మాట కూడా రికార్డులో ఉంది. తుడవలేదు. ఆదివారం సమావేశంలో అది వినిపిస్తాం. విన్నాక చెయ్యి ఎత్తండి.

హాలులో ఫ్యాను మాత్రం ఆ రెండు నిమిషాలు ఆపనివ్వండి.